కన్ను తెరిచిన చేయి

ఆ పొద్దు ఆకాశం వానకు ఒప్పుకున్నట్టే ఒప్పుకొని మాట తప్పింది. మృగశిర కార్తె పుట్టి రెండు రోజులయింది. తెల్లవారేసరికి కర్నూలు కోట బురుజు మీద మబ్బు కమ్మి నిలబడింది. బస్సు కోసం నిలుచున్న జనం తలలెత్తి చూశారు. నాలుగు చినుకులు దుమ్ములో పడి, పడినచోట శెనగగింజంత గుంటలు చేసి ఊరుకున్నాయి. అంతలో గాలి లేచింది. మబ్బు తునకలై తుంగభద్ర దాటి ఆవలికి పోయింది. ఏటికి ఆవల హైదరాబాదు రాష్ట్రం.

"వాన గూడ పరాయి రాష్ట్రానికే పోతాండాది" అన్నాడు గొంగడి కప్పుకున్న ముసలాయన ఒకడు, ఎవరితోనూ కాకుండా.

బసవరాజుకు ఆ మాట గుచ్చుకుంది. పరాయి రాష్ట్రం అనే మాట రెండు నెలలుగా అతని వెంట తిరుగుతోంది.

కోడుమూరులో దేవుడి వాహనాలకూ గ్రామదేవతల కొయ్యబొమ్మలకూ రంగులు వేసే తిమ్మయ్య కొడుకు బసవరాజు. పద్దెనిమిదేండ్లవాడు. బొమ్మ గీయడం తప్ప ఇంకో పనిలో అతనికి చేయి తిరగలేదు. ఎస్సెల్సీ రెండో తడవకు గట్టెక్కాడు; లెక్కల్లో ముప్పయ్యారు, ఇంగ్లీషులో ముప్పయ్యెనిమిది. ఆ మార్కుల కాగితం పెట్టుకొని బొంబాయికి రాశాడు, బెంగాలుకు రాశాడు. చాలవని రెండు చోట్ల నుంచీ జవాబు వచ్చింది. మిగిలింది మద్రాసు. అక్కడ ఒక బొమ్మల కాలేజీవాళ్లు మార్కులతో పాటు చేతిపని కూడా చూస్తారని కర్నూలు మిషను బడి డ్రాయింగు మాస్టరు లేవి చెప్పాడు. పోయిన అక్టోబరు దాకా మద్రాసు మనదే. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన నాటి నుంచి కోడుమూరువాడు మద్రాసుకు బయటివాడయ్యాడు. బయటివాళ్లకు ఉన్నవి రెండే సీట్లు.

పన్నెండు బొమ్మలు పంపి నెల రోజులు ఎదురుచూశాక నిన్న సాయంత్రం కవరు వచ్చింది. లేవి మాస్టరు దాన్ని చాకుతో కోసి, చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ చదివాడు. పోయిన వారం కథలో మనం వాళ్లిద్దరినీ ఆ గదిలో అట్లాగే వదిలిపెట్టాము.

ఉత్తరం పెద్దదేమీ కాదు. మాస్టరు తెలుగులో చెప్పినది ఇంతే. ఈ పన్నెండు బొమ్మల్లో రెండు చేతులు కనబడుతున్నాయి. మనుషుల్ని గీసినది ఒకరు, వాళ్లకు కన్నులు పెట్టినది మరొకరు. సొంత చేతితో గీసినవే పంపాలని మేము ముందే చెప్పాము. దీనికి సమాధానం ఉంటే, ఆ రెండో మనిషి ఎవరో రాసి, ఆ మనిషి చేత ఊరి మునసబు ఎదుట ఒక జత కన్నులు గీయించి, తాను చూశానని మునసబు సంతకం పెట్టిన కాగితం పదిహేనో తేదీలోగా పంపాలి. పంపకపోతే దరఖాస్తు కొట్టివేస్తాము.

ఆ కింద పెద్ద మాస్టరెవరో సొంత చేత్తో సిరాతో రెండు ముక్కలు రాశాడు. "కన్నులు పెట్టినది చాలా ఏండ్లు సాధన చేసిన చేయి. తక్కినది ఇంకా నేర్చుకుంటున్న చేయి."

ఉత్తరంతో పాటు పన్నెండింటిలో ఒక బొమ్మ వెనక్కి వచ్చింది. గిడ్డమ్మ బొమ్మ. మిట్టమధ్యాహ్నం శెనక్కాయ చేన్లో కలుపు తీస్తున్న గిడ్డమ్మ. బసవరాజు ఆమెకు కండ్లు గీయలేదు. ఆ ఎండలో కండ్లెక్కడ కనబడతాయి? కనుబొమల కింద రెండు నీడలు మాత్రం పెన్సిలుతో పెట్టాడు. ఆ నీడల కోసం తొమ్మిది మధ్యాహ్నాలు చేను గట్టున కూర్చున్నాడు. ఇప్పుడు ఆ నీడల మీద నల్లగా, కాటుక పెట్టినట్టు, రెండు కండ్లు తెరుచుకొని ఉన్నాయి. బొమ్మను ఎటు తిప్పినా అవి తననే చూస్తున్నాయి.

"ఇది మీ ఇంట్లోవాండ్ల పనే బసవా" అన్నాడు లేవి మాస్టరు. "మీ నాయనే అయ్యుంటాడు. కోపం తెచ్చుకోవద్దు. సంతకం తెచ్చుకో. శుక్రవారం లోపల పోస్టులో పడాల."

కోపం తెచ్చుకోవద్దంటే ఆగేదా? రాత్రంతా మాస్టరు చాప మీద దొర్లి, పొద్దున్నే బస్సెక్కాడు.

* * *

బస్సులో డ్రైవరు వెనక సీటులో మునసబు పుల్లారెడ్డి కూర్చొని ఉన్నాడు. ఏదో వాయిదాకు వచ్చి తిరిగి పోతున్నాడు. వెల్లుల్లి సంచి ఒడిలో పెట్టుకొని, వెనక్కి తిరిగి, బస్సంతటికీ వినబడేటట్టు అడిగాడు.

"ఏమప్పా బసవా, కొలువు దొరికిందా? కొత్త రాజధాని కదా, ఆఫీసులన్నీ గుడారాల్లోనే, గుడారానికొక గుమాస్తా కావల్లని తిరుగుతాండారంట."

"నా మార్కులకు గుడారం మేకులు కొట్టే పని గూడ ఇయ్యరు అయ్యా."

బస్సు నవ్వింది. పుల్లారెడ్డి కూడా నవ్వాడు. "అమ్మవారి పని యాడిదాకా వచ్చినాది? శుక్రవారం కన్ను తెరుస్తామని మీ నాయన మాటిచ్చినాడు. శనివారం బండి గట్టుకోని వస్తాము. మూడేండ్లకొక తూరి వచ్చే జాతర, ఆలస్యం చేస్తే బాగుండదు."

"రంగులు అయిపోయినాయయ్యా. కన్నులే మిగిలినాయి."

సుంకులమ్మ బొమ్మ నెల రోజులుగా వాళ్ల నడవలో ఉంది. పుల్లారెడ్డి ఆ గుడికి పెద్ద. ఆయన సంతకమే తనకు కావాలి. ఇంటికి పోయి నాయనను అడిగి, నాయన నాన్చి నాన్చి, రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అనే లోపల శుక్రవారం దాటిపోతుంది. బసవరాజు ఇక ఆగలేకపోయాడు. ముందుకు వంగి, ఉత్తరం సంగతి చెప్పాడు. గిడ్డమ్మ బొమ్మ కూడా చూపించాడు.

పుల్లారెడ్డి బొమ్మను దూరంగా పట్టుకొని చూశాడు. దగ్గరగా పట్టుకొని చూశాడు.

"మీ నాయన పెట్టినాడా ఈ కండ్లు? ఇది నన్ను జూస్తాండాది కదప్పా."

"ఇంకెవరు పెడతారయ్యా. మా ఇంట్లో కన్ను తెరిచేది ఆయనే కదా."

"రేప్పొద్దున్నే వస్తా. సంతకానిదేముంది. అయితే నా కండ్ల ముందర గీయల్ల. ఇరవై ఏండ్లనుంచి జూస్తాండా, గుడ్డ గట్టుకోని లోపల ఏం జేస్తారో ఎవ్వరికీ సూపియ్యరు మీరు. దేవతకైతే అడగను. కాగితమే కదా." పుల్లారెడ్డి చుట్టూ చూశాడు. "ఏమప్పా, మీరు గూడ వస్తారా?"

"వచ్చేదే" అన్నారు ఇద్దరు ముగ్గురు.

కోడుమూరులో దిగేటప్పటికి బసవరాజుకు కొంత బరువు దిగినట్టుంది. రేపు పొద్దున సంతకం, మధ్యాహ్నం పోస్టు. నాయన చేసిన తప్పును నాయన చేతనే దిద్దించవచ్చు.

* * *

నడవలో సుంకులమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. నిలువెత్తు కొయ్య. చీరకు ఇంగిలీకం ఎరుపు, ముఖానికి హరిదళం పసుపు, చేతిలో కత్తికి సుద్ద తెలుపు. కండ్ల చోట మాత్రం రెండు తెల్లని గుంటలు. తిమ్మయ్య ఆమె కాళ్ల దగ్గర గొంతుక్కూర్చొని అంచుకు చుక్కలు పెడుతున్నాడు. లోపల అమ్మ నాగలక్ష్మమ్మ రొట్టెలు తడుతున్న చప్పుడు వినబడుతోంది. గడప పక్కన అవ్వ సుబ్బలక్ష్మమ్మ ఆముదపు దీపం మీద బోర్లించిన మూకుడు నుంచి మసి గీకి చింతగింజల బంకలో కలుపుతోంది. డెబ్బై దాటిన మనిషి. తలెత్తి మనవణ్ని చూసింది, మళ్లీ మసి వైపు తిరిగింది.

బసవరాజు చెప్పులు విడవకుండానే గిడ్డమ్మ బొమ్మను తండ్రి ముందర పరిచాడు.

"ఎవరు పెట్టినారు నాయనా ఈ కండ్లు?"

తిమ్మయ్య కుంచె ఆపాడు. బొమ్మను చాలాసేపు చూశాడు. అతని చూపు బొమ్మ మీద నుంచి గడప దాకా పోయి, మసి మూకుడు దగ్గర ఒక్క క్షణం నిలిచి, వెనక్కి వచ్చింది.

"నేనే" అన్నాడు.

"ఎందుకు?"

"చెప్పులు ఇడువు ముందు."

బసవరాజు చెప్పులు విడిచాడు. "ఎందుకు పెట్టినావు?"

"కన్ను తెరవని బొమ్మ మన ఇంటి గడప దాటగూడదు. నీకు కొత్తగా జెప్పల్నా?"

"అది దేవత బొమ్మలకు. ఇది గిడ్డమ్మ. ఎండలో కలుపు దీసే మనిషికి కండ్లు ఎట్లుంటాయి? మూతబడి నీడ మాదిరి ఉంటాయి. నేను నీడ గీసినా. తొమ్మిది దినాలు గీసినా. నువ్వొక గంటలో అన్నిటినీ చెడిపి పెట్టినావు."

"కండ్లుంటే చెడిపినట్టా?"

"నావి కావు కదా అవి." బసవరాజు ఉత్తరం తీసి చదివి చెప్పాడు. కింద సిరాతో రాసిన రెండు ముక్కలు మాత్రం చెప్పలేదు. "పదిహేనో తేదీ లోపల. లేకపోతే కొట్టేస్తారంట. బొంబాయి పాయ, బెంగాలు పాయ. ఇది గూడ పోతే ఇంక నేనెక్కడికీ రాయలేను. నా మార్కులకు ఇంకెవరూ కవరు గూడ విప్పరు. రేప్పొద్దున మునసబు రెడ్డి వస్తాండాడు. ఆయన ముందర ఒక జత కండ్లు గీయి. నీకు రెండు నిమిషాల పని."

తిమ్మయ్య చేతిలోని కుంచె నుంచి సుద్ద బొట్టొకటి రాలి నేల మీద పడింది.

"ఎవర్నడిగి రమ్మన్నావు రెడ్డిని?"

"బస్సులో కనబడితే చెప్పినా."

"బస్సులో చెప్పినావా?"

"అందరూ ఇన్నారు. ఇద్దరు ముగ్గురు మేము గూడ వస్తామన్నారు."

లోపల రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. నాగలక్ష్మమ్మ పిండి చేతులతో నడవలోకి వచ్చి నిలబడింది. అవ్వ మసి కలపడం ఆపలేదు.

"పోయి రావద్దని చెప్పి రా" అన్నాడు తిమ్మయ్య.

"ఎందుకు?"

"చెప్పి రా అంటాండా."

"సంతకం ఆయనదే కావల్ల నాయనా. మునసబు ఎదుట అని రాసినారు."

"నేను గీయను."

ఆ మాట తిమ్మయ్య గట్టిగా అనలేదు. అరిచి ఉంటే బసవరాజు తట్టుకునేవాడేమో. మెల్లగా, చుక్కలు పెట్టుకుంటూ, వేరేవాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఏడాదిగా లోపల పేరుకున్నదంతా బసవరాజు నోటికి వచ్చింది.

"నేను పోవడం నీకు ఇష్టం లేదు. అది చెప్పు. గుమాస్తా కావల్ల నేను, కర్నూల్లో గుడారంలో కూచ్చోవల్ల. మార్కులు తక్కువొస్తే తప్పని నువ్వన్యావు, బడి పెద్దయ్యోరన్యాడు, ఊరన్యాది. ఊరుకున్నా. మద్రాసోళ్లు పరాయోడివన్యారు. ఊరుకున్నా. నా చేతిలో ఉన్నది ఒక్క గీత. దాన్ని గూడ నువ్వు వచ్చి నీది చేసుకుంటివి. పోనీ, చేసినవాడివి దిద్దను గూడ దిద్దవు."

"నాయనతో మాట్లాడే మాటలేనారా అవి" అంది నాగలక్ష్మమ్మ.

"అట్లే అనుకోనీ" అన్నాడు తిమ్మయ్య. "నేనే చెడిపినా అనుకోనీ."

అనుకోనీ అనే ఆ మాట దగ్గర బసవరాజు ఆగిపోయాడు. నాయనకు కోపం వస్తే కోపం వస్తుంది, తప్పు చేస్తే ఒప్పుకోడు. తప్పును ఇట్లా అడిగి మరీ నెత్తిన పెట్టుకునే మనిషి కాడు.

గూట్లో నుంచి తెల్ల కాగితం తీసి తండ్రి ముందు పెట్టాడు. కొయ్యపెట్టెలో నుంచి ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన సన్నకుంచె తీశాడు. కన్ను తెరవడానికి తప్ప దాన్ని ఇంకో పనికి వాడరు. బసవరాజు దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"రెడ్డి ముందర వద్దు. నా ముందర గీయి."

తిమ్మయ్య కొడుకు ముఖంలోకి చూశాడు. తరువాత కుంచె అందుకొని, మసిలో ముంచి, కాగితం మీదికి వంగాడు.

బసవరాజు పక్కనే కూర్చున్నాడు. చదువులో మందమతి కావచ్చు గానీ, గీతను చూడడంలో అతని కన్ను తప్పదు. నాయన కనురెప్పను బయటి కొస నుంచి లోపలికి గీశాడు. సగంలో ఆగి, మళ్లీ ముంచి, అతుకు వేశాడు. కనుపాపకు ముందు చుట్టూ గిరి గీసి లోపల నింపాడు. అన్నీ ఉన్నాయి. కొలత ఉంది, నలుపు ఉంది. సంతలో ఆరబెట్టిన చేప కన్నులా అది ఎటూ చూడకుండా పడి ఉంది.

గిడ్డమ్మ బొమ్మలో రెప్ప గీత లోపలి కొస నుంచి బయటికి పోయింది. అతుకు లేదు. పాప ఒక్క బొట్టు.

"నువ్వు కాదు" అన్నాడు బసవరాజు.

తిమ్మయ్య కుంచె కింద పెట్టాడు. నాగలక్ష్మమ్మ ఎందుకో చప్పున తల తిప్పుకుంది.

"లెయ్ తిమ్మా" అంది వెనక నుంచి అవ్వ. "పక్కకు జరుగు."

* * *

సుబ్బలక్ష్మమ్మ కొడుకు లేచిన చోట కూర్చుంది. కుంచె కొసను నాలుకతో తడిపి, సన్నం చేసి, మసిలో అద్దింది. వేళ్లు వంకరబోయి ఉన్నాయి; కణుపులు చింతకాయ కణుపుల్లా ఉబ్బాయి. చీపురు పట్టుకుంటే వణికే చేయి అది. బసవరాజు రోజూ చూస్తున్నదే. కాగితం మీదికి రాగానే ఆ వణుకు ఎక్కడికో పోయింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. పై రెప్ప ఒక గీత. కింది రెప్ప ఒక గీత. పాప ఒక బొట్టు. గోటితో ఆ బొట్టులో నుంచి ఒక చుక్క తడి ఎత్తేసింది. అక్కడ కాగితం తెల్లగా మెరిసింది. రెండో కన్ను కూడా అట్లాగే. ఊపిరి వదిలింది.

కాగితంలో నుంచి ఎవరో బసవరాజును చూశారు.

అమ్మవారికి కన్ను తెరిచే రోజు నడవకు అడ్డంగా గుడ్డ కడతారు. ఇంటికి పెద్ద ఒక్కరే లోపలికి పోవాలి. తాత ఉన్నన్నాళ్లు తాత పోయేవాడు, తరువాత నాయన. అవ్వ వెంట పోయేది దీపం పట్టుకోవడానికి. అందరూ అట్లాగే అనుకున్నారు. వాకిట్లో నిలబడి తానూ అట్లాగే అనుకున్నాడు.

"ఎప్పటినుంచి అవ్వా?"

"మీ తాత చెయ్యి వణికినప్పట్నుంచి. మొదట ఆయన చెయ్యి పట్టుకుంటి. తర్వాత ఆయన ఇడిసిపెట్టినాడు, నేను పట్టుకుంటి. నువ్వింకా పుట్టలేదు."

"సుంకులమ్మకు?"

"ఏడు తూర్లు."

"తక్కిన ఊర్ల అమ్మవార్లకు?"

అవ్వ కొడుకు వైపు చూసింది. తిమ్మయ్య చెప్పాడు. "అన్నిటికీ. నాకు ఆ గీత రాలేదు. శానా యత్నం జేసినా. రాలేదు."

నలభై అయిదేండ్ల మనిషి కొడుకు ముందర ఆ మాట ఒప్పుకున్నాడు. బసవరాజు నేల వైపు చూశాడు. ఇంతకు ముందు తాను అన్న మాటలన్నీ ఇంకా నడవలోనే ఉన్నట్టు తోచింది. అయినా కోపం పోలేదు. ఎవరి మీద పెట్టాలో తెలియక మరింత మండింది.

"నావి ఎందుకు ముట్టుకుంటివి అవ్వా? నీకు అమ్మవార్లు ఉండారు కదా. నాకుండేవి ఆ పన్నెండే."

"పోస్టుకని మూట గట్టిపెట్టి నువ్వు బడి పెద్దయ్యోరి సంతకానికి పోతివి. మూట ఈడనే ఉన్యాది. ఎట్లుండాయో చూద్దామని ముడి విప్పితి." అవ్వ కుంచెను కొంగుతో తుడిచింది. "ఒక్కదానికీ కండ్లు లేవు. తొందరలో మరిచిపోయినాడు పిల్లోడు అనుకుంటి. కండ్లు పెట్టి మళ్లీ ముడేస్తి. అంత దూరం పోతాండాయి. దోవ చూసుకోని పోవల్ల కదరా."

తొమ్మిది మధ్యాహ్నాల నీడ సంగతి ఈమెకు ఎట్లా చెప్పేది?

"ఏమన్నారు వాండ్లు?" అని అడిగింది అవ్వ.

"చెప్పినా కదా. రెండు చేతులున్నాయన్నారు."

"అది కాదు. కండ్లను ఏమన్నారు?"

చెప్పకుండా ఉండవచ్చు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ఈ ఇంట్లో దాన్ని చదవగలిగింది తానొక్కడే. బసవరాజు కాగితం విప్పాడు. విప్పి, తల వంచుకొని చదివాడు.

"చాలా ఏండ్లు సాధన చేసిన చేయి, అని రాసినారు."

"ఇంకేమన్నారు?"

"తక్కినది ఇంకా నేర్చుకుంటున్న చేయి. అంటే నాది."

అవ్వ ముఖంలో ఏ మార్పూ కనబడలేదు. కుడిచేతిని మాత్రం కొంగు కిందికి లాక్కుంది, ఎవరో కొత్తవాళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు చేసినట్టు.

"ఇప్పుడు తెలిసింది కదా" అన్నాడు తిమ్మయ్య. "రేపు రెడ్డి వచ్చి ఈడ కూచ్చుంటాడు. వెనకాల ఇంకిద్దరొస్తారు. నేను గీస్తే ఇదిగో ఈ చేప కన్ను. మద్రాసోళ్లు చూసి అబద్ధమంటారు, నీ సీటు పోతాది. రెడ్డి మాత్రం ఊరుకుంటాడా? గిడ్డమ్మ బొమ్మ చూసినాడు. ఆ కన్నేది తిమ్మయ్యా అంటాడు."

"నేను గీస్తే?"

"రెండు చేతులని పట్టుకున్నోళ్లు మూడో చేతిని పట్టుకోరా?"

"అవ్వ గీస్తే?"

తిమ్మయ్య సుంకులమ్మ వైపు చూపించాడు. "ఆడమనిషి కన్ను తెరిచిందని తెలిస్తే శుక్రవారం లేదు, జాతర లేదు. ఈ అమ్మను పసుపునీళ్లతో కడిగి బండి మీద ఏసుకోని పోతారు. అదొక్కటే అయితే సరే అనుకుందును. ఏడు తూర్లు మొక్కినాము, కోళ్లు గోసినాము, దేనికి మొక్కినాము అంటారు. పదకొండు ఊర్లోళ్లు మన వాకిట్లో నిలబడతారు. అవ్వను ఏమంటారో నేను చెప్పను."

"అయితే రావద్దని చెప్పి రారా" అంది నాగలక్ష్మమ్మ మెల్లగా. "కడుపునొప్పి అని చెప్పు. మీ నాయనకు చెయ్యి బెణికిందని చెప్పు."

"చెబితే సీటు పోతాది అమ్మా."

"పోతే ఏమయితాదిరా? ఈడ అన్నం లేదా?"

పోతే ఏమవుతుందో బసవరాజుకు బాగా తెలుసు. నాయన పక్కన కూర్చొని అంచులకు చుక్కలు పెడతాడు. పెట్టగలడు. నాయన లాగే, తనకు రాని గీత కోసం ప్రతి ఏడూ గుడ్డ వెనక్కి పోయి, బయటికి వచ్చి దండం పెట్టించుకుంటాడు. కానీ సీటు కావాలంటే, రేపు పొద్దున తన చేత్తో అవ్వను పదిమంది ముందరికి తోయాలి. ఒక్క బస్సు ప్రయాణంలో, గంటన్నర ఓర్చుకోలేక, ఈ రెంటినీ ఎదురెదురుగా తెచ్చి నిలబెట్టింది తానే. మద్రాసు కాదు, మార్కులూ కాదు.

"నేను పోయి చెప్పొస్తా" అని లేచాడు. లేచినవాడు వాకిలి దాకా పోయి ఆగాడు. బయట ఎండ తెల్లగా కాస్తోంది. పొద్దుటి మబ్బు ఆనవాలు ఎక్కడా లేదు.

"యాడికిరా" అంది అవ్వ.

"రెడ్డి దగ్గరికి."

"ఏమని చెబుతావు?"

బసవరాజు వాకిలి చెక్క పట్టుకొని వెనక్కి తిరిగాడు.

"ఏం చెప్పాలో తెలీకుండా పోవద్దు. పొద్దున బస్సులో చెప్పింది చాల్లే." అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కుంచెను తొట్టి నీళ్లలో కడిగింది. రెండుసార్లు విదిలించి, కొసను వేళ్లతో నిమిరింది. తిమ్మయ్య కొయ్యపెట్టె తెరిచి పట్టుకున్నాడు, ఎప్పుడూ చేసినట్టే. అవ్వ పెట్టె వైపు చూడలేదు. కుంచెను తలవెనక నెరిసిన కొప్పులో దోపుకుంది.

"అమ్మా" అన్నాడు తిమ్మయ్య.

"రానీ రెడ్డిని. నాగలక్ష్మీ, అన్నం పెట్టు" అంది ఆమె.

ఆ ఇంట్లో మగవాళ్లు తిన్నాకనే ఆడవాళ్లు తినేది. అవ్వ ఆ రోజు తన కంచం తానే తెచ్చుకొని, గోడవారగా కొడుక్కూ మనవడికీ నడుమ కూర్చుంది. తిమ్మయ్య ఏదో అనబోయి, కొంచెం జరిగి చోటిచ్చాడు. నాగలక్ష్మమ్మ జొన్నరొట్టెలు వేసింది. పుంటికూర పప్పు పోసింది. అందరికీ వడ్డించి, కాసేపు నిలబడి, తనకూ ఒక కంచం పెట్టుకొని ఎదురుగా కూర్చుంది.

నలుగురూ తిన్నారు. రొట్టె తుంచే చప్పుడు, నీళ్ల చెంబు నేలకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. బసవరాజు ముద్ద మింగి తలెత్తినప్పుడల్లా అవ్వ కొప్పులో కుంచె కనబడింది. నాయన కూడా దాన్నే చూస్తున్నాడు. అమ్మ కూడా చూస్తోంది. తీసి పెట్టెలో పెట్టమని ఎవరూ అనలేదు.